రెండు ఆకురాయి గీతలు

తాడేపల్లిగూడెం,
12 మే 1955

శ్రీ కోదండరామయ్య గారికి,

నమస్కారములు. కిందటి నెలలో మీరు మా బాబాయి భీమశంకరం గారి వర్క్‌షాపులో ఇచ్చి వెళ్ళిన గేజి గడియారం బాగయింది. చేపల బుట్టలతో గూడెం సంతకు వచ్చే మీ ముత్యాలరాజు చేతికి గోనెలో చుట్టి ఇస్తున్నాను. బుట్టల కింద పెట్టవద్దని మూడుసార్లు చెప్పాను. "గడియారం చేపలు తింటుందా ఏంటమ్మా" అన్నాడు.

లోపల స్ప్రింగు ఉండే ఇత్తడి డబ్బీకి మూత బిగుసుకుపోయింది. విప్పి, నూనె పెట్టి, మళ్ళీ అమర్చాను. వారానికొకసారి, సోమవారం పొద్దున కీ ఇవ్వండి. పూర్తిగా బిగించకండి. చివరి అర చుట్టు వదిలేయండి.

మీరు వచ్చిన రోజు మా వర్క్‌షాపులో గడియారాల చప్పుడు ఎక్కువగా ఉంది. చిరాకు పడి ఉంటారు. మన్నించండి.

ఇట్లు,
సీతారత్నం


ఉప్పుటేరు గేజి గది,
ఆకివీడు దగ్గర,
21 మే 1955

సీతారత్నం గారికి,

గడియారం చేరింది. నడుస్తోంది. కొంచెం చేపల వాసన వస్తోంది, అంతే.

నా పని మీకు తెలియకపోవచ్చు. కొల్లేటి నీళ్ళు ఈ ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోతాయి. ఎంత ఎత్తున ఉన్నాయో నేను రాయాలి. గడియారం ఒక డ్రమ్మును తిప్పుతుంది. దానికి చుట్టిన చార్టు కాగితం మీద కలం తనంతట తానే గీత గీస్తుంది. నీళ్ళు లేస్తే గీత లేస్తుంది. ఎనిమిది అడుగులకు వస్తే గడియారమే గంట మోగిస్తుంది. అప్పుడు నేను వెదురు మీద ఎర్ర లాంతరు ఎత్తుతాను. లంకల్లో వాళ్ళు అది చూసి గాదెల్లో ధాన్యం అటకలకు ఎక్కించుకుంటారు.

గడియారం మీ దగ్గరున్న రోజుల్లో గంటకోసారి నేనే లేచి చూశాను. ఇప్పుడు పడుకుంటున్నాను. అందుకు కృతజ్ఞుణ్ణి.

నేను మూడో తరగతి దాకా చదివాను. మిగిలింది రిజిస్టర్లు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకోండి.

ఒక మాట. ఆ రోజు మీ వర్క్‌షాపులో ఐదు గడియారాలు చూశాను. నాలుగు ఆగి ఉన్నాయి. అయిదోది నేను తెచ్చింది. అది ఆగిపోయిందనే కదా తెచ్చాను. చప్పుడు మాత్రం వినిపించింది. చిరాకు కలగలేదు.

కోదండరామయ్య


తాడేపల్లిగూడెం,
9 జూన్ 1955

కోదండరామయ్య గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చూసింది చూసినట్టు రాసుకునే మనిషికి గడియారాల అబద్ధం చెప్పకూడదని తెలిసింది.

నిజం రాస్తున్నాను. తొమ్మిదేళ్ళ కిందట ఒక రైసు మిల్లులో బాయిలరు పేలింది. నేను అక్కడ బస్తాల మీద గుర్తులు రాసేదాన్ని. కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది. గుండె ఉండీ లేనట్టయింది. యుద్ధం ముగిసి, గూడెం విమానాల మైదానంలో సామానంతా తుక్కుగా పడి ఉన్న రోజులవి. బాబాయి అక్కడ మెకానిక్కు. ఒక మిలిటరీ డాక్టరు ఇంకా ఊరు వదలలేదు. ఇద్దరూ కలిసి విమానం రేకుతో నాకు చెయ్యి చేశారు. గుండె పనికి ఒక గడియారాన్ని లోపల పెట్టారు. ఎడమ భుజం ఎముక కింద చిన్న రంధ్రం ఉంది. పొద్దునా సాయంత్రం కీ ఇచ్చుకుంటాను. ఇచ్చుకోకపోతే ఆగిపోతాను.

మీ గేజి గడియారంలో ఉన్న ఇత్తడి డబ్బీ, నాలో ఉన్నదీ ఒకే కంపెనీవి, ఒకే అచ్చు. అందుకే మీది అంత త్వరగా బాగుచేయగలిగాను.

వీధిలో పిల్లలు "కీ బొమ్మా, కీ బొమ్మా, కీ ఇచ్చుకున్నావా" అంటారు. పెద్దవాళ్ళు అనరు. పెళ్ళికి పిలుస్తారు, రాకపోతే బాగుండునని చూస్తారు. పురోహితుడు సంకల్పం చెప్పేటప్పుడు మేళం ఆపుతారు కదండీ, అప్పుడు పందిట్లో నా చప్పుడొక్కటే వినిపిస్తుంది. వెళ్ళడం మానేశాను.

ఇక మీరు రాయకపోయినా ఏమీ అనుకోను. సోమవారం కీ మాత్రం మరవకండి.

సీతారత్నం


ఉప్పుటేరు గేజి గది,
23 జూన్ 1955

సీతారత్నం గారికి,

చదివాను. మూడు ప్రశ్నలు. చెయ్యి తడిస్తే పాడవుతుందా? కీ ఒకటేనా, రెండోది ఉందా? జ్వరం వచ్చి లేవలేకపోతే మీకు కీ ఎవరిస్తారు?

నాకు ముప్పై ఏడేళ్ళు. పెళ్ళి కాలేదు. ఇంతకుముందు గేజి గదికి గడియారమే లేదు. గంటకోసారి నిద్ర లేచే వాడికి పిల్లనెవరిస్తారండీ.

ఇక్కడ గది ఒకటే. పక్కన వంటకు పాక ఉంది. నీళ్ళ చప్పుడు ఎప్పుడూ ఉంటుంది కనుక వేరే చప్పుళ్ళు బయటికి వినిపించవు. పాములున్నాయి కానీ నీటి పాములు. పెళ్ళిళ్ళకు మనల్ని ఎవరూ పిలవరు. 

ఇదంతా ఎందుకు రాశానో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే నన్నే అడగండి. ముత్యాలరాజును అడగవద్దు. వాడికి తెలిస్తే ఆకివీడంతటికీ తెలుస్తుంది.

కోదండరామయ్య


తాడేపల్లిగూడెం,
25 జులై 1955

కోదండరామయ్య గారికి,

ఎందుకు రాశారో తెలిసింది. నెల రోజులు జవాబు రాయలేకపోయాను. మీ ప్రశ్నలకు ముందు చెబుతాను. చెయ్యి తడిస్తే ఏమీ కాదు, తుడుచుకోవాలి. కీ ఒకటే. జ్వరం వస్తే బాబాయి ఇచ్చేవారు.

ఇచ్చేవారు అనే రాయాలి. ఆయనకు రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. ఏలూరులో కూతురి ఇంటికి వెళ్ళిపోయారు. వర్క్‌షాపు తలుపు నేనే తీసి నేనే వేస్తున్నాను.

మీరు రమ్మన్న చోటికి నేను రాను. మీ గది చిన్నదని కాదు. నా లోపలి స్ప్రింగు అరిగిపోయింది. జూన్‌లో రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది. ఇప్పుడు పదకొండు నిమిషాలు. మెట్లెక్కితే మధ్యలో ఆగి నిలబడాలి. బాబాయి చెవి ఆనించి విని, "కార్తీకం దాకా లాగుతుందమ్మా" అన్నారు. ఆ పైన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ అచ్చు డబ్బీ కోసం ఏలూరు కొట్లన్నీ తిరిగాను. మైదానం తుక్కంతా ఎప్పుడో కరిగించేశారట. వెతకడం కూడా అలసటగానే ఉంది. మూడు నెలల కోసం ఒక మనిషి గదిలోకి వచ్చి, అతనికి అలవాటై, తర్వాత ఖాళీ చేసి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

మీరు అడిగినందుకు సంతోషించాను. నన్నెవరూ అడగలేదు ఇంతవరకు.

సీతారత్నం


ఉప్పుటేరు గేజి గది,
6 ఆగస్టు 1955

సీతారత్నం గారికి,

ఆఫీసు పని మీద ఏలూరు వెళ్ళాను. ఒక పాత ఇనప సామాను కొట్లో ఈ ఇత్తడి డబ్బీ దొరికింది. మీరు చెప్పిన అచ్చేనేమో చూడండి. ముత్యాలరాజు ఈసారి బుట్టల కింద పెట్టనని ఒట్టు వేశాడు.

అమర్చుకున్నాక ఒక కార్డు రాయండి. రెండు మాటలు చాలు.

కోదండరామయ్య


ఏలూరు,
24 ఆగస్టు 1955

కోదండరామయ్య గారికి,

రెండు మాటలు: కుదిరింది. నడుస్తోంది.

మిగిలినవి కూడా రాస్తాను. బాబాయికి కళ్ళు కనబడవు కనుక నేనే చేసుకోవలసి వచ్చింది. లిడియా అని ఇక్కడ నర్సు ఉన్నారు. పాత డబ్బీ తీసి కొత్తది పెట్టేంత సేపూ ఒక రబ్బరు బుడ్డిని ఆపకుండా చేత్తో నొక్కుతూ నా నాడి నడిపించారు. ఎదురుగా అద్దం పెట్టుకుని నా కుడిచేత్తో నేనే మరలు విప్పాను. రేకు చెయ్యి వణకదు, అదొక్కటి మేలు. బాబాయి పక్కన కూర్చుని "ఎడమకు తిప్పు, ఇంకా ఎడమకు, తొందరేం లేదమ్మా" అంటున్నారు. "మీకు తొందర లేదు కానీ నా వేళ్ళు పడిపోతున్నాయి పెద్దయ్యగారూ" అన్నారు లిడియా. నవ్వకూడని సమయంలో నవ్వు వచ్చింది.

రోజుకు అర నిమిషం కూడా తేడా లేదు. ఎవరో శ్రద్ధ గల మనిషి దగ్గర ఉన్న డబ్బీలా ఉంది. ఏ కొట్టో చెబితే వెళ్ళి నమస్కారం పెట్టి వస్తాను.

సీతారత్నం


ఉప్పుటేరు గేజి గది,
5 సెప్టెంబరు 1955

సీతారత్నం గారికి,

మీ ఉత్తరం అందింది. చాలు.

కొట్టు ఎత్తేశాడట. ఏ ఊరు వెళ్ళాడో తెలియదు.

నీళ్ళు ఆరడుగుల రెండంగుళాలు. రాయడానికి ఇంకేమీ లేదు.

కోదండరామయ్య


తాడేపల్లిగూడెం,
19 సెప్టెంబరు 1955

కోదండరామయ్య గారికి,

మీ అక్షరాలు ఇదివరకు నిటారుగా ఉండేవి. ఈ ఉత్తరంలో అన్నీ ఒక పక్కకు ఒరిగాయి. ఒంట్లో బాగుందా? ముత్యాలరాజును అడిగితే, "మా గేజిబాబు నిలబడి నిద్రపోతున్నాడమ్మా, కొంగలాగా" అన్నాడు.

గేజి గడియారం ఎలా ఉంది? సోమవారం కీ ఇస్తున్నారా?

సీతారత్నం


ఉప్పుటేరు గేజి గది,
28 సెప్టెంబరు 1955

సీతారత్నం గారికి,

ఒంట్లో బాగానే ఉంది. చార్టు మీద గీత వస్తోంది.

వానలు ఎక్కువగా ఉన్నాయి. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకండి.

కోదండరామయ్య


ఉప్పుటేరు గేజి గది,
10 అక్టోబరు 1955

సీతారత్నం గారికి,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను.

నేను మీకు అబద్ధం రాశాను. ఏలూరులో కొట్టు లేదు. ఆ డబ్బీ గేజి గడియారంలోది. ఆగస్టు ఆరున విప్పి మీకు పంపాను. అప్పటి నుంచి గంటగంటకూ నేనే నీళ్ళు చూసి, చార్టు మీద గీత నా చేత్తో గీస్తున్నాను. యంత్రం గీసినట్టు ఉండాలని కలం పట్టడం మార్చుకున్నాను.

ఈ నెల మూడున పై నుంచి ఏరులన్నీ ఒకేసారి కొల్లేట్లోకి వచ్చాయి. రెండు రోజులు గేజి దగ్గరే కూర్చున్నాను. ఐదో తారీకు తెల్లవారుజామున రెండు గంటలకు ఏడడుగుల పదకొండంగుళాలు. మూడింటికి నేను చూడలేదు. నిద్రపోయాను. నాలుగింటికి లేచేసరికి ఎనిమిది అడుగుల మూడంగుళాలు. లాంతరు ఆలస్యంగా ఎత్తాను.

మనుషులకేమీ కాలేదు. లంకలో పైడమ్మ గాదెలో కింది వరస ధాన్యం తడిసింది. తెల్లారగానే పడవేసుకుని వచ్చింది.

"ఏం బాబూ, గంట మోగలేదా?"

"నిద్రపోయానమ్మా."

"నువ్వు మనిషివి, నిద్రపోయావు. గడియారం కూడా పడుకుందా?"

తడిసిన వడ్లు గుప్పెడు నా బల్ల మీద పోసి వెళ్ళింది. ఇంకా అక్కడే ఉన్నాయి. మొలకలు వచ్చాయి. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

చార్టులో ఆ మూడింటి చోటు కూడా నింపలేదు. రెండుకూ నాలుక్కూ మధ్య గీత కలపడానికి ఎంతసేపు పడుతుంది? కానీ చూడని నీళ్ళను నేను ఎప్పుడూ రాయలేదు. మొన్న ఓవర్సీరు సత్యనారాయణమూర్తి గారు వచ్చి ఆ ఖాళీ చూసి, గడియారం మూత తెరిచారు. డబ్బీ తీసి రెండు నెలలైందని ఒప్పుకున్నాను.

"ఏమయ్యా, రెండు నెలల గీతలూ దొంగవి. ఈ ఒక్క గంటకే నిజాయితీ వచ్చిందా నీకు?"

"అవన్నీ చూసి గీసినవేనండీ. ఇదొక్కటే చూడలేదండీ."

"ఆ ఒక్కటి కలిపేసి ఉంటే నాకు తెలిసేదే కాదు కదయ్యా" అని తల పట్టుకున్నారు. డబ్బీ ఏమైందో అడిగారు. చెప్పలేదు. దీపావళిలోపు గడియారం గేజి గదిలో నడుస్తూ ఉండాలి, లేకపోతే రిపోర్టు రాస్తానన్నారు. మంచి మనిషి. ఆ గడువు ఇవ్వనవసరం లేదు.

మీరు డబ్బీ తిప్పి పంపుతారేమో. పంపవద్దు. ఉద్యోగం పోతే ఇంకో పని చూసుకుంటాను. మోయలేక రాస్తున్నాను, అడగడానికి కాదు. బాగా అలసిపోయాను.

కోదండరామయ్య


ఏలూరు,
20 అక్టోబరు 1955

కోదండరామయ్య గారికి,

నాకు ఆగస్టు నుంచీ తెలుసు.

ఏప్రిల్‌లో మీ డబ్బీ మూత రాకపోతే అంచున ఆకురాయితో రెండు గీతలు గీసి, అక్కడ పట్టు దొరికించుకుని విప్పాను. లిడియా గారు బుడ్డి నొక్కుతుండగా అద్దంలో నా ఎముకల మధ్య ఆ రెండు గీతలే కనిపించాయి. నా చేతి గీతలు నాకు తెలియవా? అయినా బిగించాను. కొట్టు ఎక్కడ అని రాసి మీ నోట నిజం వస్తుందేమోనని చూశాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. వస్తే డబ్బీ తిప్పి ఇవ్వాలి. ఇస్తే చావాలి. తొమ్మిదేళ్ళుగా చస్తే ఏం అనుకుంటూ వచ్చిన దాన్ని, మీరు పాములు నీటి పాములే అని రాసినప్పటి నుంచీ చావాలని లేదు.

మీరు అక్కడ గంటగంటకూ లేస్తున్నారని తెలిసి నేను ఇక్కడ హాయిగా నిద్రపోయాను. మీరు దాచింది ఒక డబ్బీ. నేను దాచింది అంతకన్నా పెద్దది. పైడమ్మ వడ్లు తడిసిన పాపంలో సగం నాది.

నిన్న మీ ఓవర్సీరు గారి ఆఫీసుకు వెళ్ళాను. పేరు చెప్పి, గేజి గడియారం సంగతి మాట్లాడాలన్నాను.

"ఎక్కడుందమ్మా అది?"

"ఇక్కడే ఉందండీ."

బల్ల మీద చూశారు, నా చేతుల్లో చూశారు. కుడిచెయ్యి కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. పంకా ఆపించమన్నాను. ఆపించారు. గదిలో నా చప్పుడొక్కటే మిగిలింది. ఎంతసేపు విన్నారో నేను చెప్పగలను: నూట నలభై సార్లు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"గడియారం గేజి గదిలో ఉండాలి, నడుస్తూ ఉండాలి, అంతే కదండీ. నేను అక్కడే ఉంటాను. గంట గంటకూ నీళ్ళు చూస్తాను. నాకు వేరే గడియారం అక్కర్లేదు, పెందలాడే లేపేవాళ్ళూ అక్కర్లేదు. గీత ఈ చేత్తో గీస్తాను. వణకదు. గేజి చూసినవారు ఎవరో కింద పేరు రాస్తాను. ఎనిమిది అడుగులు వస్తే లాంతరు ఎత్తుతాను."

"అంటే జీవితాంతం ఆ ఉప్పుటేటి గట్టు మీదేనా అమ్మా? సామాను గది దాటకూడదని రూలు."

"ఇన్నాళ్ళూ వర్క్‌షాపులోనే బతికానండీ. అక్కడ తోడు లేదు. గేజి గదిలో ఉన్నాడు."

ఆయన రిజిస్టరు తెప్పించారు. గడియారం అన్న చోట కలం పెట్టి, నా రేకు చేతి వైపు మరోసారి చూశారు. తర్వాత "పనిచేయుచున్నది" అని రాసి సంతకం చేశారు. "ఇందులో అబద్ధమేమీ లేదు కదా" అని నన్నే అడిగారు. లేదండీ అన్నాను.

అందుచేత గడియారాన్ని దాని చోటికి తెస్తున్నాను. 28 శుక్రవారం గూడెం నుంచి భీమవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఉండి మీదుగా రైలు. పదకొండింటికి ఆకివీడు చేరుతుంది. బాబాయి ఆశీర్వచనం చెప్పారు. కీ ఒకటే అని రాశాను కదా. కూర్చుని రెండోది ఆకురాయితో చేశాను. అది మీ దగ్గర ఉండాలి.

మీరు స్టేషనుకు రానక్కర్లేదు. గేజి వదలలేరని తెలుసు. ముత్యాలరాజును పంపండి.

సీతారత్నం


ఉప్పుటేరు గేజి గది,
24 అక్టోబరు 1955

సీతారత్నం గారికి,

అందింది. నీళ్ళు ఆరడుగుల ఎనిమిదంగుళాలు, తగ్గుతున్నాయి.

పాకకు తాటాకు కొత్తది వేయించాను. మీకు కీ ఇచ్చుకోవడానికి కిటికీ దగ్గర అద్దం తగిలించాను. మొలకెత్తిన వడ్లను పాక వెనక తడి నేలలో నాటాను. పచ్చగా ఉన్నాయి.

పైడమ్మ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిట్టింది. చాలాసేపు తిట్టింది. ఆఖరికి, "ఆ పిల్ల వచ్చే పొద్దున నేను నీ గేజి చూస్తాలే, నువ్వు పో" అంది. ఆమెకు అంకెలు రావు. నీళ్ళు ఏ గీత దగ్గరుంటే చార్టులో ఆ గీత మీద బొగ్గుతో చుక్క పెడతానంది.

శుక్రవారం పదకొండు గంటలకు చార్టులో నా గీత ఉండదు. బొగ్గు చుక్క ఉంటుంది, కింద పైడమ్మ పేరు ఉంటుంది. నేను స్టేషనులో ఉంటాను.

కోదండరామయ్య